రానివాళ్ళ పళ్ళు

నాలుక ఊరుకోవడం లేదు. వద్దని ఎంత చెప్పినా కుడివైపు కింది దవడ దగ్గరికే పోతుంది, విరిగిన పంటి అంచుని తడుముతుంది, గీరుకుంటుంది, వెనక్కి వచ్చి ఒక్క క్షణం బుద్ధిగా ఉంటుంది, మళ్ళీ పోతుంది. పొద్దున టీలో ముంచిన బిస్కెట్టు కొరికితే విరిగింది ఆ పన్ను. ఏ రాయో కొరికి విరగ్గొట్టుకున్నా అదొక మర్యాదగా ఉండేది. నానిన బిస్కెట్టుకి విరిగిందని ఎవరితో చెప్పుకుంటాడు? ఆ ముక్కని చేతిరుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు, అతికిస్తారన్న ఆశతో కాదు, పారేయడానికి చెయ్యి రాక. అదే జేబులో ఫోను కూడా ఉంది. ఫోనులో, రాసి పంపకుండా ఉంచిన మూడు ముక్కల సందేశం ఉంది. 'చూశాను. బాగానే ఉంది. మొదలుపెట్టండి.' వేలు ఒక్కసారి ఆనిస్తే వెళ్ళిపోతుంది. పన్నెండింటికి ఆఫీసులో మీటింగు, ఆలోపు ఆ సందేశం వెళ్ళాలి. ఎదురుగా గోడ గడియారంలో పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. డాక్టరమ్మ పిలవడానికి ఇంకో అరగంట పడుతుందని కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చెప్పింది. చెప్పి, అతను బుగ్గ పట్టుకుని ఉండటం చూసి, ఎవరూ అడగకుండానే గోడకున్న టీవీ గొంతు తగ్గించింది. అలాంటివి ఈ మధ్య అతని కంట బాగా పడుతున్నాయి. మనుషులు ఒకరికొకరు చెప్పకుండా చేసే చిన్న చిన్న పనులు. పెద్ద పనుల మీదికి చూపు పోనంత అలసిపోతే చిన్నవే కనిపిస్తాయేమో.

పంపేసి హాయిగా కూర్చోవచ్చు. ఎందుకు పంపలేదో అతనికే తెలియదు. అలసట అనుకున్నాడు. అన్నిటినీ అలసటకే అప్పజెప్పేస్తున్నాడు, ఉతకని దుప్పట్లనీ, మాడిపోయినా మార్చని వంటింటి బల్బునీ, వారానికోసారి ఫోను చేసే వదినకి చెప్పాల్సిన జవాబుల్నీ. ముప్ఫై ఏళ్ళుగా పళ్ళ బీమా కంపెనీలో పని. ఒక్క పన్నూ పీకి ఎరగడు, ఒక్క పంటికీ సిమెంటు పెట్టి ఎరగడు, కానీ ఎవరి నోట్లో ఏ పన్ను ఎప్పుడు బాగు చేయించుకున్నారో అతని కళ్ళముందుకి వచ్చి తీరుతుంది. డాక్టర్లు పంపే క్లెయిముల్లో మనిషి ఉండడు. ఒక నంబరు, ఒక తేదీ, ఏ పన్ను, ఏం చేశారు, అంతే. పళ్ళకి పేర్లుండవు, అంకెలుంటాయి. నలభై ఆరు అంటే కుడివైపు కింది పెద్ద దవడ పన్ను, ఇప్పుడు అతని జేబులో ముక్కగా ఉన్నది. ముప్ఫై ఆరు ఎడమవైపున దాని జంట. పన్నెండు అంటే పైవరసలో ముందుకి కనిపించే చిన్న పన్ను. అతని భార్యకి ఆ పన్నెండు పక్కపంటి మీదికి కాస్త ఒరిగి ఉండేది, ఎవరి భుజం మీదో తల వాల్చినట్టు. పెళ్ళయిన కొత్తలో ఆ అంకె సంగతి చెబితే, ఆవిడ వారం రోజులపాటు పొద్దున్నే నవ్వి, "మా పన్నెండు మీకు నమస్కారం చెబుతోంది గుమాస్తా గారూ" అనేది. అతను గుమాస్తా కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి గుమాస్తాయే.

ఆ క్లెయిములన్నీ పోగేసి, ఎవరికి రేపు పళ్ళు పుచ్చుతాయో ఇవాళే చెప్పే లెక్క ఒకటి కట్టాడు. వందకి ఇన్ని అని మార్కులు. పోయిన మూడేళ్ళలో ఎన్ని పళ్ళకి సిమెంటు పెట్టించుకున్నారు, ఎన్ని పీకించుకున్నారు, ఒకదానికీ ఇంకోదానికీ ఎంత ఎడం ఉంది, ఇవన్నీ కలిపితే మార్కు. ఎక్కువ వస్తే ఎర్రరంగు, వాళ్ళని మూడు నెలలకోసారి పిలుస్తారు. ఇరవై లోపు వస్తే పచ్చరంగు, వాళ్ళు రెండేళ్ళకోసారి చూపించుకుంటే చాలు, ఆర్నెల్లకోసారి పంపే పిలుపు ఇక వెళ్ళదు. పచ్చవాళ్ళు మొత్తం లక్షా పదివేల మంది. అతను సరేనంటే వచ్చే వారం నుంచి ఆ లక్షా పదివేల మందికి పిలుపు ఆగిపోతుంది. డాక్టర్ల వేళలు నిజంగా కావలసినవాళ్ళకి మిగులుతాయి. మంచి ఉద్దేశమే. ఇందులో చెడ్డ ఉద్దేశంతో ఎవరూ ఏమీ చేయలేదు, అదే చిక్కు. ఇంకో పదకొండు నెలల్లో అతను రిటైరవుతాడు. తర్వాత ఆ లెక్క ఇంకెవరో చూసుకుంటారు. సరే అనడమే సుఖం.

పక్క కుర్చీలో ఒక ముసలావిడ, ఆవిడకి అవతల కోడలు. ముసలావిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దిగాల్సిన చోటు వచ్చేస్తుందేమోనన్నట్టు కుర్చీ అంచున కూర్చుంది.

"నాకున్నవే ఏడు పళ్ళు. ఏడింటికి ఇంత హడావిడేమిటే."

"ఎనిమిది అత్తయ్యా."

"ఎనిమిదోది మొన్న రాజీనామా ఇచ్చేసింది. నీకు చెప్పలేదు."

కోడలు నవ్వు ఆపుకుంటూ, "ఆరేళ్ళ నుంచి రండి రండి అంటుంటే వచ్చారా మీరు?" అంది.

"ఎలా వస్తాను? రెండో అంతస్తు. మెట్లు. మోకాళ్ళు ఒప్పుకోలేదు."

"పంటికీ మోకాళ్ళకీ ఏం సంబంధం అత్తయ్యా?"

"పన్ను నడిచొస్తుందా ఏం? నేనేగా మొయ్యాలి."

కౌంటర్లో అమ్మాయి కూడా తల వంచుకుని నవ్వుకుంది. ముసలావిడ ఇటు తిరిగి అతని బుగ్గకేసి చూసింది. "మీకేమైంది బాబూ?"

"పన్ను విరిగిందమ్మా."

"ఎలా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. దానికీ ఓపిక కావాలి. "బిస్కెట్టు."

ఆవిడ నవ్వలేదు. "నాకొకటి అరటిపండుకి ఊడింది," అంది ఓదార్పుగా. సంచీ సర్దుకుని, "ఇంటావిడ రాలేదా తోడు?"

"రాలేదమ్మా."

అదీ నిజమే. ఏడాదిన్నరగా రాలేదు. పోయిందని చెబితే అవతలి మొహం మారుతుంది, ఆ మారిన మొహాన్ని మళ్ళీ మామూలు చేసే బాధ్యత ఇతని మీద పడుతుంది. అందుకే కొత్తవాళ్ళ దగ్గర ఆవిడని ఇంట్లోనే ఉంచుతాడు. ఇంట్లో ఉంది, ఏదో పనిలో ఉంది, రాలేదు. ఆరేళ్ళు రాలేదు ఈ ముసలావిడ. మోకాళ్ళు. క్లెయిముల్లో మోకాళ్ళుండవు, మెట్లుండవు. ఈవిడ వరసలో ఏముంటుంది? ఏమీ ఉండదు. మూడేళ్ళలో సిమెంటు పెట్టించుకోలేదు, పీకించుకోలేదు, సున్నా, సున్నా, సున్నా. ఆరోగ్యంగా మెరిసిపోయే పచ్చరంగు. ఏడు పళ్ళ మనిషి ఆ లక్షా పదివేలలో మొదటి బెంచీలో కూర్చుని ఉంటుంది. నాలుక మళ్ళీ పోయింది. అంచు పదునుగా ఉంది. రుమాలు బయటికి తీసి విప్పబోయి, కోడలు చూస్తుందని మడిచేశాడు.

మొదటి బెంచీ అన్నది అతని భార్య మాట. ఆవిడ చిన్న పిల్లలకి టీచరు, ఇరవై రెండేళ్ళు ఒకే బడిలో. రోజూ పొద్దున పిల్లల్ని పేరుపేరునా పిలిచి, పలకని పేరు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకునేది. ఎవరికైనా మూడు చుక్కలు వరసగా పడితే బడి అయ్యాక ఆ పిల్ల ఇంటికి వెళ్ళేది. ఇంటికి ఆలస్యంగా వచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పేది, ఈ పిల్ల చంటితమ్ముణ్ణి చూసుకుంటోంది, ఇంకొకడికి బూట్లు చిరిగిపోయాయట సిగ్గుపడుతున్నాడు, ఇంకో దానికి జ్వరం, ఇంట్లో ఎవరూ లేరు, నేనే కాసిని నీళ్ళు కాచిచ్చి వచ్చా. అతను టీ పెట్టి ఇచ్చేవాడు. వింటున్నట్టే ఉండేవాడు. ఎన్ని మాటలు అలా విన్నట్టే ఉండి వదిలేశాడో. ఇప్పుడవి ఒక్కొక్కటీ, ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా, తలుపు దగ్గర నిలబడుతున్నాయి.

ఆస్పత్రి మంచం. కిటికీ పక్కది, ఎండ పాదాల దాకా వచ్చి ఆగేది. రెండేళ్ళ జబ్బులో మొదటి ఆర్నెల్లు ఆవిడకి అందరి మీదా జోకులే, డాక్టర్ల మీద కూడా. మందులు మార్చాక నోరెండిపోవడం మొదలైంది. "ఇసక నమిలినట్టుంది గుమాస్తా గారూ," అనేది. వార్డులో పనిచేసే పెద్దావిడ ఒకతె గంటకోసారి వచ్చి దూది నీళ్ళలో ముంచి ఆవిడ పెదాలకి అద్దిపోయేది. అది ఆమె పని కాదు, ఎవరూ చెప్పలేదు. నేల తుడుస్తూ మధ్యలో లేచి, చేతులు కడుక్కుని, అద్ది, మళ్ళీ నేల తుడుచుకునేది. ఉమ్మి తగ్గితే పళ్ళు పుచ్చుతాయని అతనికి తెలుసు. ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా అదే తిండి పెట్టింది. ఆర్నెల్లకి పన్నెండు అంచు గోధుమరంగుకి తిరిగింది, ఇంకో ఆర్నెల్లకి నల్లబడింది, ఆవిడ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. యాభై ఏళ్ళు దాటాక కొత్తగా సిగ్గు నేర్చుకోవడం. చూశాడు. వారంలో నాలుగు రోజులు ఏదో ఒక డాక్టరు దగ్గరికి తిరుగుతున్న మనిషిని ఇంకో డాక్టరు దగ్గరికి కూడా రమ్మనడానికి అతనికి నోరు రాలేదు. ముందు ఇది కానీ, తర్వాత పళ్ళ సంగతి చూద్దాం అనుకున్నారిద్దరూ, పైకి అనకుండానే. తర్వాత అన్నది రాలేదు. కనక పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళనేలేదు, క్లెయిమూ పడలేదు.

ఆ కిటికీ పక్కనే, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆ లెక్కకి పునాది వేశాడు. ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు, ఆస్పత్రి నుంచే పని చేసుకోమన్నారు. వరసలు వరసలుగా మనుషులు, గడుల్లో అంకెలు, మధ్యమధ్య ఖాళీ గడులు. ఖాళీ తగిలితే లెక్క అక్కడే మొరాయించి ఆగిపోయేది. ఆవిడ నిద్రపోతోందనుకున్నాడు.

"ఏం చేస్తున్నారు గుమాస్తా గారూ?"

"ఖాళీలు పూరిస్తున్నా టీచరమ్మా."

"దేంతో?"

"సున్నాతో."

"ఎవరికి?"

"మూడేళ్ళుగా పంటి డాక్టరు దగ్గరికి రానివాళ్ళకి."

ఆవిడ కళ్ళు తెరవలేదు. ఎండిన పెదాలు ఒకదాన్నొకటి అంటుకుని విడివడ్డాయి. "పరీక్షకి రాని పిల్లకి నేను సున్నా వేస్తే మా హెడ్మిస్ట్రెస్ నన్ను ఉండనిస్తుందా? రాలేదు అని రాయాలి."

"ఇక్కడ సున్నా అంటే మంచిదేలే. పళ్ళు బాగున్నాయని."

"ఓహో. రానివాళ్ళంతా ఇంట్లో బాగున్నారనా?"

అప్పుడే నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చింది. ఆవిడ ఇంకేదో అనబోయిందేమో, లేక అంతేనేమో. సీసా మారేలోగా అతను లెక్కకి ఆ ఒక్క ఆదేశమూ రాసేశాడు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ సున్నా. మొరాయించిన లెక్క గడగడా నడిచింది. నడిచినందుకు ఎంత తేలికైందో అతనికి ఇప్పటికీ గుర్తు. ఆ రోజుల్లో నడిచిన పని అదొక్కటే.

"మీరే సార్," అంది కౌంటర్లో అమ్మాయి. పదకొండూ ముప్ఫై ఐదు. జేబు తడుముకుని లేచాడు. ముసలావిడ, "ధైర్యంగా వెళ్ళండి బాబూ," అంది, తనని తాను పంపుకుంటున్నట్టు.

లోపల కుర్చీ వెనక్కి వాల్చే ముందు డాక్టరమ్మ, "వాలుస్తున్నానండీ," అని చెప్పింది. లైటు కళ్ళలో పడకుండా చేత్తో అడ్డంపెట్టి తిప్పింది. నోరు తెరిచాడు. పక్కన నిలబడ్డ అసిస్టెంటుకి ఆమె ఒక్కొక్కటే చెబుతోంది. "నలభై ఆరు, విరిగింది. నలభై ఏడు, పుచ్చు. ముప్ఫై ఆరు, పుచ్చు, లోతుగా ఉంది. పదిహేను... ఇక్కడ కూడా ఉంది." ముప్ఫై ఏళ్ళుగా ఆ అంకెలు అతనికి కాగితం మీదా తెర మీదా కనిపించేవి. వెల్లకిలా పడుకుని, నోట్లో అద్దం పెట్టించుకుని వినడం ఇదే మొదలు. నాలుగు. పోయిన నెలే సరదాకి తన నంబరు కొట్టి చూసుకున్నాడు. వందకి మూడు మార్కులు. పచ్చరంగు. చూసి చిన్నగా గర్వపడ్డాడు కూడా, దేవుడా.

"నోరు ఎండిపోతుంటుందా మీకు?"

"నిద్రమాత్ర వేసుకుంటానండీ. ఏడాదిన్నరగా."

ఆమె ఒక్కసారి అతని మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. "తిండి?"

"ఎక్కువగా... టీ, బిస్కెట్లు."

"ఇంతకు ముందు ఎప్పుడొచ్చారు?"

"ఐదేళ్ళవుతుంది." తిడుతుందని కాచుకున్నాడు. అతను ఉత్తరాల్లో రాయించే తిట్లన్నీ అతనికి తెలుసు, మర్యాదగా, మీరు అశ్రద్ధ చేసినందువల్ల, అని మొదలవుతాయి.

"పర్లేదు. వచ్చారుగా," అంది ఆమె. "మత్తు ఇస్తున్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది." చీమ కన్నా పెద్దదే కుట్టింది. పది నిమిషాలు ఆగాలి, పక్కగదిలో ఇంకొకర్ని చూసి వస్తానని చెప్పి వెళ్ళింది. అసిస్టెంటు వెళ్తూ వెళ్తూ ఏసీ గాలి అతని మొహానికి కొట్టకుండా రెక్క పైకి తిప్పింది.

వచ్చారుగా. ఆ ఒక్క మాటకి కళ్ళు ఎందుకు తడవాలి? పెదవి మొద్దుబారుతోంది, చెవి దాకా, గడ్డం సగం దాకా. పైకప్పు మీద చతురస్రాలు, వరసలు వరసలుగా, ఒకదాంట్లో నీటి మరక. ఐదేళ్ళ కింద ఇద్దరూ కలిసే వెళ్ళారు, వేరే ఆస్పత్రి, ఆవిడ ముందు, అతను తర్వాత. ఆవిడ చేతిసంచీ పట్టుకుని బయట కూర్చున్నాడు. బయటికి వచ్చి, "మా పన్నెండు బంగారం అన్నాడు డాక్టరు," అని గొప్పలు పోయింది. ఆ తర్వాతి మూడేళ్ళూ అతని వరసలోనూ ఖాళీలే, ఆవిడ వరసలోనూ ఖాళీలే. ఖాళీలా, సున్నాలా? రెండేళ్ళ కింద, ఈ లెక్క పనిచేస్తుందో లేదో చూడటానికి మొదట కొంతమందిమీద ప్రయత్నించారు. పచ్చరంగు వచ్చిన ఎనిమిది వేల మందికి ఉత్తరాలు వెళ్ళాయి. ఆ ఉత్తరంలో మాటలు అతను కూర్చినవే. 'అభినందనలు. మీ పళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయని మా రికార్డులు చెబుతున్నాయి. ఇక మీరు రెండేళ్ళకోసారి చూపించుకుంటే సరిపోతుంది.' ఒకటి ఇంటికే వచ్చింది, ఆవిడ పేరు మీద. ఆవిడ వంటింట్లో నిలబడి, గోడకి ఆనుకుని, పైకి చదివింది. నల్లబడ్డ పళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతనూ నవ్వాడు. పారేయబోతే ఒప్పుకోలేదు. "ఇన్ని రిపోర్టుల్లో ఒక్కటైనా బాగుందని వచ్చింది, ఉండనివ్వండి," అని ఫ్రిజ్ మీద అయస్కాంతం బిళ్ళతో అంటించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ కళ్ళ ముందే ఉంది కాబట్టి కనబడటం మానేసింది. పొద్దున పన్ను విరిగి, ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని తలెత్తితే కనబడింది. అభినందనలు.

అయినా పరీక్ష నెగ్గిందిగా ఆ లెక్క. ఏడాది తర్వాత సరిచూస్తే, పచ్చవాళ్ళలో నూటికి తొంభై ఆరుగురికి కొత్తగా ఏ పంటి పనీ పడలేదని తేలింది. చప్పట్లు కొట్టారు. మేనేజరు అందరి ముందూ అతని భుజం తట్టాడు. అప్పటికి ఆవిడ పోయి ఆర్నెల్లు. ఆ చప్పట్లు గాజుగోడకి అవతల నుంచి వినిపించినట్టు వినిపించాయి. కానీ దేంతో సరిచూశాడు? క్లెయిములతోనే. వచ్చిన మనిషికే క్లెయిము పడుతుంది. మొదటి మూడేళ్ళూ రానివాళ్ళు నాలుగో ఏడూ రాలేదు, అంతే కదా జరిగింది. ఎవరికి పళ్ళు పుచ్చుతాయో చెప్పలేదు ఆ లెక్క. ఎవరు రారో చెప్పింది. నూటికి తొంభై ఆరు సార్లు సరిగ్గా చెప్పింది. రానివాళ్ళని ఇక రావద్దని చెప్పడానికి అంత కచ్చితమైన లెక్క ఇంకొకటి ఉండదు. మోకాళ్ళ మనిషి, మంచం పక్కన కూర్చున్న మనిషి, మంచం మీది మనిషి, భయపడేవాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు, అందరూ పచ్చగా, ఆరోగ్యంగా, వరసల్లో. మూడు చుక్కలు పడితే ఇంటికి వెళ్ళి తలుపు కొట్టేది ఆవిడ. అతను మూడు చుక్కలు పడ్డవాళ్ళకి అభినందనలు రాశాడు. ఆవిడ చెప్పింది కూడా. ఎండిన నోటితో, ఒక్కో మాటా విడదీసుకుని చెప్పింది. సీసా మారిపోయింది, అతను విన్నట్టే ఉన్నాడు.

జేబులో ఫోను కొట్టుకుంది. పదకొండూ యాభై రెండు. మేనేజరు. అతనికన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు, మంచివాడే.

"గురువుగారూ, ఎక్కడున్నారు? అందరం కూర్చున్నాం, మీ సరే ఒక్కటే రావాలి."

ఏదో చెప్పబోయాడు. నోరు సగం తనది కాదు, మాట పక్కకి జారి పడిపోయింది.

"ఏంటి? వినబడటం లేదు."

"పన్ను... మత్తు," అన్నాడు, ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని.

"అయ్యో, పంటి డాక్టరు దగ్గరున్నారా. మీరేం మాట్లాడకండి గురువుగారూ, ఇబ్బంది పడకండి. ఒక్కసారి ఊఁ అనండి చాలు, నేను చూసుకుంటా."

ఊఁ అనడానికి నోరు తెరవక్కర్లేదు. పెదాలు కదపక్కర్లేదు. గొంతులోంచి దానంతటదే వచ్చే చప్పుడు, ఏడాదిన్నరగా అందరికీ అతను చెబుతున్న జవాబు అదే. బాగున్నారా, ఊఁ. తిన్నారా, ఊఁ. పైకప్పు మీద నీటి మరక, దాని పక్కన ఖాళీ చతురస్రం, దాని పక్కన ఖాళీ. ఎనిమిది వేల ఉత్తరాలు వెళ్ళిపోయాయి. కాదంటే అవన్నీ తప్పని ఒప్పుకోవాలి, చప్పట్లు వెనక్కి ఇచ్చేయాలి, పదకొండు నెలలూ మొదటి నుంచి తవ్వుకోవాలి. ఎంత పని. ఎంత అలసట. కుర్చీ మెత్తగా ఉంది.

"ఊహూఁ," అన్నాడు.

"ఆఁ?"

"ఊహూఁ."

అవతల గదిలో ఎవరో కుర్చీ జరిపారు. "మీరు కాదంటున్నారా గురువుగారూ? ఇప్పుడా?"

ఫోను పెట్టేశాడు. మూడు ముక్కల సందేశాన్ని వెనకనుంచి ఒక్కో అక్షరం తుడిచేశాడు. ఇలా రాశాడు, 'ఆపండి. తప్పు నాది. రానివాళ్ళకి సున్నా వేశాను, వాళ్ళ పళ్ళు బాగున్నాయని కాదు, మనకి తెలియదని. ఉత్తరాలు అందుకున్న ఎనిమిది వేల మందినీ మళ్ళీ పిలవాలి. రెండింటికల్లా వచ్చి అందరికీ నేనే చెబుతాను.' వేలు ఆనించాడు. వెళ్ళింది. వెంటనే జవాబు వచ్చింది. 'ఇంతసేపూ ఏం చేశారండీ?' ఒక నిమిషం తర్వాత ఇంకొకటి వచ్చింది. 'సరే. ముందు పన్ను చూపించుకోండి.' ఆ రెండో దాన్ని అతను రెండుసార్లు చదివాడు.

డాక్టరమ్మ వచ్చి నలభై ఆరు సంగతి చూసింది. మిగిలిన మూడింటికి మూడుసార్లు రావాలంది. రుమాల్లో ముక్క చూపిస్తే అతకదని చెప్పింది, కానీ నవ్వకుండా చెప్పింది, మళ్ళీ రుమాల్లోనే చుట్టి చేతికిచ్చింది.

బయట కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో అతని క్లెయిము నింపుతోంది. "సార్, గత మూడేళ్ళలో ఎన్ని పళ్ళు పుచ్చాయని అడుగుతోంది. మీరు రాలేదుగా, ఏమీ లేదు ఇక్కడ. సున్నా కొట్టేయనా? ఖాళీగా వదిలితే ముందుకి పోదు ఇది. అందరికీ అదే కొడతాం."

ఖాళీ వదలకూడదన్న నియమం పెట్టించింది అతనే. కౌంటర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "రాలేదు... అని రాయడానికి చోటు లేదామ్మా?"

ఆ వంకర మాటని ఆమె ఓపిగ్గా విడదీసుకుని అర్థం చేసుకుంది. "లేదు సార్. అంకె ఒక్కటే పడుతుంది."

"అయితే పక్కన పెట్టండి. చోటు పెట్టిస్తాను."

"ఎవరితో సార్?"

అతను తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు, జేబు ఉన్న చోట. ఆమెకి అర్థం కాలేదు, అయినా సరేనని ఆ క్లెయిము పక్కన పెట్టింది.

లోపలి తలుపు తెరుచుకుంది. అసిస్టెంటు పిలిచింది. ముసలావిడ లేచి, కూర్చుని, మళ్ళీ లేచింది. అతని వాలిపోయిన సగం మొహాన్ని, ఉబ్బిన పెదవిని పరీక్షగా చూసింది.

"నొప్పెట్టిందా బాబూ? నిజం చెప్పండి."

"ఊహూఁ," అన్నాడు అతను.

ఆవిడ సంచీ కోడలి చేతికిచ్చి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, ఏడు పళ్ళనీ మోసుకుంటూ మెల్లగా లోపలికి వెళ్ళింది.